నూనె రొట్టెల రోజు

కోటుకి ఇంకా నూనె వాసన వస్తోంది. పదింటికల్లా రమ్మన్నారు, పదింటికే వచ్చి కూర్చున్నాను, తలుపు తీయలేదు. ఈ నడవాలో పొడుగాటి బెంచీ, బెంచీ మీద నేను, నా ఒళ్ళో తోలు సంచీ, సంచీ మీద ఇందాక అక్మారల్ ఇచ్చిపోయిన కాగితం. కాగితం నిండా గడులు. నలభై ఒక్క వరుసలు, ప్రతి వరుసలోనూ పేరు, ఊరు, ఫోన్ నంబరు. అన్నీ ఖాళీ. పైన మాత్రం అచ్చక్షరాల్లో నా పేరుంది, బురుల్చా అని, దాని కింద కౌన్సెలింగ్ సైకాలజీ ప్రొఫెసర్ అని, ప్రొఫెసర్ అన్న మాట పక్కన పెన్సిల్‌తో ఒక ప్రశ్న గుర్తు. ఎవరు పెట్టారో. పెన్సిల్‌తో పెట్టారంటే ఇంకా జంకు ఉందన్నమాట. అక్మారల్ నా దగ్గరే చదువుకుంది, ఇప్పుడు లోపల కూర్చున్న విచారణ సంఘానికి కార్యదర్శి, కాగితం ఇచ్చేటప్పుడు నా మొహం చూడలేదు. "అక్కా, లోపల పాత ఫైళ్ళు చదువుతున్నారు, గంట పట్టేట్టుంది. ఈలోగా ఇది నింపమన్నారు" అంది. "నింపకపోతేనో?" అన్నాను. "నన్నడక్కండక్కా, నా ఉద్యోగం ఇక్కడే" అంది, రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "మీరు చెప్పిన మొదటి పాఠం నాకు గుర్తుంది" అంది. ఏ పాఠమో చెప్పకుండా వెళ్ళిపోయింది. నాకూ గుర్తుంది. ఒక మనిషి నీ ముందు కూర్చుని చెప్పింది నీది కాదు, నీ దగ్గర దాచుకున్నది. ఇరవై ఆరేళ్ళుగా ప్రతి కొత్త బ్యాచ్‌కీ అదే చెప్తున్నాను, నోట్సు రాసుకోవద్దని కూడా చెప్తాను, రాసుకుంటే మర్చిపోతారని.

పోయిన శరదృతువులో నా వ్యాసం అచ్చయింది. కొండల్లో ఒక జిల్లా, నలభై ఒక్క మంది కోడళ్ళు, నాలుగేళ్ళ పని. ఊళ్ళ పేర్లు లేవు, మనుషుల పేర్లు లేవు, ఒకటి నుంచి నలభై ఒకటి దాకా అంకెలు. ఆ అంకెల్లో పన్నెండు మంది ఆ ఇళ్ళలోని మగవాళ్ళ చేతుల్లో ఏం పడ్డారో రాశాను. ఆ జిల్లా పెద్ద ఒకాయన ఎవరిచేతో చదివించుకుని విన్నాడట, మా ఆడవాళ్ళ పరువు తీసింది, ఇదంతా ఇంట్లో కూర్చుని అల్లింది అని పిటిషన్ పెట్టాడు. సంఘం కూర్చుంది. అల్లలేదని రుజువు కావాలంటే పేర్లివ్వు, ఇవ్వకపోతే అల్లినట్టే, ప్రొఫెసర్ పదవి పోతుంది, కౌన్సెలింగ్ గదికి తాళం పడుతుంది. మొదటి విచారణలో చరిత్ర చెప్పే ముసలాయన నవ్వుతూ, "నలభై ఒక్క మందేంటి ప్రొఫెసరమ్మా, గింజలేసి జోస్యం చెప్పావా?" అన్నాడు. మా దగ్గర జోస్యానికి వేసేవీ నలభై ఒక్క గింజలే. సంఘంలో ఉన్న ఏడుగురూ పడి పడి నవ్వారు. నేను కూడా నవ్వి ఉంటే ఆ రోజుతో పోయేదేమో, చాలా విషయాలు ఆడవాళ్ళు నవ్వేస్తే పోతాయని వాళ్ళ నమ్మకం. "గింజలకి నొప్పి ఉండదు" అన్నాను. ఆ మాట ఫైల్లోకి ఎక్కలేదు, చూశాను. ఫైల్లోకి ఎక్కింది 'ప్రొఫెసర్ సరిగా సమాధానం ఇవ్వలేదు' అని. ఆ జిల్లాకి ఈ కాగితం నిండి వెళ్ళిందంటే మధ్యాహ్నం టీ వేళకల్లా ప్రతి గడపకీ తెలుస్తుంది, రాత్రికి ఆ గడపల వెనక ఏమవుతుందో నాకు తెలుసు, లోపలున్న ఏడుగురికీ తెలుసు.

ఇవాళ నూనె రొట్టెల రోజు. మా ఇంట్లో ఈ రోజుకి అదే పేరు. శుక్రవారానికి ముందు వచ్చే రోజుని ఊరందరూ ఏమంటారో అది మా ఇంట్లో ఆడవాళ్ళ నోట రాదు, ఎందుకంటే మా వారి పెదనాన్నగారి పెద్దకొడుకు ఈ వారాన పుట్టాడు, వారం పేరే ఆయనకి పెట్టారు. బావగారి పేరు కోడలు పలకకూడదు, పేరే కాదు, ఆ పేరులో ఉన్న మాట కూడా పలకకూడదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా నా వారానికి ఆరు రోజులే, ఏడోదాన్ని చుట్టు తిరిగి చెప్తాను. క్లాసులో "శుక్రవారం ముందు రోజు, రెండో గంట" అంటే కొత్తపిల్లలు మొహమొహాలు చూసుకుంటారు, పాతవాళ్ళు "ప్రొఫెసరమ్మ అత్తారిల్లు" అని గుసగుసలాడతారు. లెనిన్‌గ్రాద్‌లో ఐదేళ్ళు చదివి, మనసు తన కట్లు తను ఎలా తెంచుకుంటుందో లావుపాటి గ్రంథాలు చదివి వచ్చినదాన్ని, పెళ్ళయిన మూడో రోజు పొద్దున్నే ఒక వారాన్ని మింగేశాను. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. మా అత్తయ్య పిండి పిసుకుతూ, "మనం ఈ రోజుని నూనె రొట్టెల రోజంటాం అమ్మాయ్" అంది, అంతే. చచ్చినవాళ్ళకి వాసన చేరాలని ప్రతి వారం ఈ రోజున ఏడు రొట్టెలు నూనెలో వేస్తుంది ఆవిడ. ఎనభై నాలుగేళ్ళు, చేతులు వణుకుతాయి, రొట్టె మాత్రం గుండ్రంగానే వస్తుంది. ఆ బావగారే ఇప్పుడు ఈ తలుపు వెనక, బల్ల మధ్యలో, అధ్యక్షుడి కుర్చీలో ఉన్నారు. ఆయన పేరు పలక్కుండా ఈ సంఘం ముందు మాట్లాడటం కూడా ఒక విద్యే, మొదటి విచారణలో 'గౌరవనీయ అధ్యక్షా' అని నెట్టుకొచ్చాను, ఆయన తృప్తిగా గడ్డం నిమురుకున్నారు.

గదులు వెచ్చబెట్టే రేడియేటర్లు అప్పుడే ఆపేశారు, మార్చిలో వచ్చే నౌరుజ్ పండగ అయిపోతే చలి కూడా అయిపోవాలని వీళ్ళ రూలు. కిటికీ అవతల పాప్లార్ చెట్ల కింద మంచు నల్లబడి కరుగుతోంది. అప్పుడూ ఇలాంటి చలే, తొంభై ఆరులో, నా సిద్ధాంత గ్రంథం రాసేటప్పుడు, కరెంటు రోజుకి నాలుగు గంటలు, కాగితం దొరక్క పాత సోవియట్ మ్యాపుల వెనకవైపు ప్రశ్నావళి చేత్తో రాశాం, ముందువైపు ఏదో సముద్రం, వెనకవైపు నా ప్రశ్నలు. మొదటి ప్రశ్న, మీ ఇంట్లో ఉండేవాళ్ళ పేర్లు రాయండి. రెండో ప్రశ్న, వాళ్ళలో ఎవరితో మీరు మనసు విప్పి మాట్లాడతారు. రెండువందల పధ్నాలుగు మంది కోడళ్ళకి ఇచ్చాను. నూట తొంభై మంది మొదటి ప్రశ్న దగ్గరే ఖాళీగా వదిలేశారు. నేనేం చేశాను? నా పుస్తకాల్లో ఉన్న మాట తీసి రాశాను, సహకరించలేదు అని. ఆ నూట తొంభై కాగితాలూ దారంతో కట్టి పక్కన పడేశాను. మిగిలిన ఇరవై నాలుగు మంది, టీచర్లూ, పట్నంలో పెరిగినవాళ్ళూ, వాళ్ళ జవాబులతో పట్టా తెచ్చుకున్నాను, ఇదే భవనంలో, ఇదే హాల్లో, పువ్వులిచ్చి ఫొటో కూడా తీశారు. రెండేళ్ళయ్యాక తుర్దుబూ అని పాలకేంద్రంలో పనిచేసే ఆవిడ సంతలో నన్ను ఆపింది, నా కాగితాల్లో ఆవిడదీ ఒకటి. "ఏం పిల్లా, చదువుకున్నదానివి కదా, మా మామ పేరు నా చేత రాయిద్దామనుకున్నావా? నువ్వు రాస్తావా మీ మామ పేరు? ఏదీ, ఈ ఉల్లిపాయల ముందు ఒకసారి చెప్పు, వింటాను" అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. నేను! వారంలో ఒక రోజుని మింగి తిరుగుతున్నదాన్ని, నాలాంటి నూట తొంభై మందిని చూసి సహకరించలేదని రాశాను. లెనిన్‌గ్రాద్ వాడెవడైనా ఆ తప్పు చేస్తే తెలియక చేశాడనొచ్చు. నాకు తెలుసు. తెలిసి, చదువుకునేటప్పుడు ఆ తెలిసినదాన్ని కోటులా విప్పి గుమ్మం బయట తగిలించాను.

ఆ కట్ట ఇప్పటికీ నా బీరువాలో ఉంది. నా జీవితంలో నేను చేసిన పనంతా ఆ కట్టలోంచే వచ్చింది. మీ పరిశోధన దేని మీద అని అడిగితే పొడుగాటి పేరొకటి చెప్తాను, అసలు సంగతి ఇంతే, చెప్పనివాటి మీద. కౌన్సెలింగ్‌లో మనిషి ఎక్కడ ఆగుతుంది, ఎంతసేపు ఆగుతుంది, ఆగినప్పుడు చేతులు ఏం చేస్తాయి. ఒకసారి వేరే దేశంలో సదస్సుకి వెళ్తే ఒక పెద్దాయన, చాలా మర్యాదస్తుడు, మీ దగ్గరికి వచ్చేవాళ్ళు చికిత్సని ప్రతిఘటిస్తున్నారన్నమాట అన్నాడు. కాదండీ, మిమ్మల్ని పరీక్షిస్తున్నారు అన్నాను. నవ్వాడు. నేను నవ్వలేదు. నవ్వకపోవడం నాకు అప్పటికే అలవాటయింది. ఆడది మాట్లాడితే వాగుడు, మాట్లాడకపోతే ప్రతిఘటన, ఈ రెండు పుస్తకాల మధ్య నేను మూడో పుస్తకం రాద్దామనుకున్నాను. తొంభై తొమ్మిదిలో గది దొరికింది, హాస్టల్లో దుప్పట్లు దాచే గది, కిటికీ లేదు. కౌన్సెలింగ్ అన్న మాటే ప్రభుత్వం వాళ్ళ ఉద్యోగాల జాబితాలో లేదు, తలుపు మీద బోర్డు పెడితే పిచ్చాసుపత్రి అనుకున్నారు, వచ్చేవాళ్ళు పాల డబ్బా పట్టుకుని వచ్చేవాళ్ళు, ఎవరైనా అడిగితే హాస్టల్‌కి పాలు పొయ్యడానికి వచ్చామని చెప్పేందుకు. సాయంత్రానికి నా గదినిండా పాల వాసన. ఆ గది ఇప్పించింది బావగారే. అది అబద్ధం కాదు. ఒక ఫోన్ కాల్‌తో ఇప్పించారు, ఒక ఫోన్ కాల్‌తో తీసేసుకోగలరని అప్పుడే అర్థమై ఉండాలి నాకు.

నా పనిలోకి టీ గిన్నెలు ఎలా వచ్చాయంటే, ఒక అమ్మాయి ముప్పావు గంట ఒక్క మాట మాట్లాడకుండా నా బల్ల మీదున్న టీ గిన్నెల్ని అటూ ఇటూ జరుపుతూ కూర్చుంది. వెళ్ళేటప్పుడు చూస్తే బల్ల మీద ఇల్లుంది. పైన పెద్దల చోటు, కింద గుమ్మం వైపు, టీ నీళ్ళు మరిగే సమోవార్ పక్కన కోడలి చోటు. అప్పట్నుంచి నేను పేర్లడగడం మానేశాను. భోజనాలకి పరిచే దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి గిన్నెలిస్తాను, మీ ఇంట్లో వాళ్ళని కూర్చోబెట్టమంటాను. ఏ పేరూ పలకక్కర్లేదు. మా ఆడవాళ్ళకి గిన్నెల భాష నేర్పక్కర్లేదు, పుట్టినప్పట్నుంచీ తెలుసు. చాలనుకుంటే గిన్నె మీద అరచెయ్యి మూస్తారు. కూర్చోమనుకున్న మనిషికి సగమే పోస్తారు, మళ్ళీ మళ్ళీ పొయ్యొచ్చని. నిండా పోశారంటే తాగి లేచి వెళ్ళమని. ఇరవై తొమ్మిదో నంబరు ఆవిడ ఎనిమిది గిన్నెలు పెట్టింది, మామగారి పక్కనున్న గిన్నె మీద అరచెయ్యి మూసింది. మూసి తియ్యలేదు. నలభై నిమిషాలు. గోళ్ళు తెల్లబడిపోయాయి. నేను గడియారం చూడకుండా ఆ చెయ్యినే చూశాను, నా చదువు మొత్తం ఆ నలభై నిమిషాలు నోరు మూసుకుని కూర్చోగలగడానికే పనికొచ్చింది. చివరికి చెయ్యి తీసి, "అక్కా, మీరు టీ చల్లారబెట్టుకున్నారు" అంది. అంతే అంది. ఆ తర్వాత ఆర్నెల్లకి పిల్లని తీసుకుని పుట్టింటి వైపు ఒక ఊరు చేరింది, బడిలో వంట చేస్తోంది. ఈ కాగితంలో ఇరవై తొమ్మిదో వరుస మిగతా వరుసల్లాగే సన్నగా, తెల్లగా ఉంది. దాంట్లో పేరు పట్టడానికి ఎంత చోటుందో అంత చోటులోనే ఆవిడ పిల్ల కూడా పడుతుంది, ఆ వంటపని కూడా పడుతుంది. సంఘంలో ఎవరో అన్నారట, ప్రొఫెసర్ అయి ఉండి టీ గిన్నెలతో ఆడుకుంటోందని. ఆడుకోవడమే. మీ ఇళ్ళలో మీరు ఆడేదే నేను బల్ల మీద పెట్టి చూపించాను.

నిన్న సాయంత్రం డీన్ తన గదిలోకి పిలిచి తలుపు వేశాడు. మంచివాడు, భయస్తుడు. "పైపు పగిలి నీళ్ళొచ్చాయి, జాబితా తడిసిపోయింది అని రాయండి. నేను సంతకం పెడతాను. అందరికీ మర్యాద దక్కుతుంది" అన్నాడు. పేర్లు నేనెప్పుడూ రాసి పెట్టలేదు, తడవడానికి జాబితా ఎక్కడుంది. నలభై ఒక్క పేర్లూ నా తలలో ఉన్నాయి. బస్సులో వెళ్తూ వరసగా చెప్పుకుంటాను, ఒక్కటి కూడా జారిపోకుండా, మిగతావాళ్ళు ప్రార్థన చెప్పుకున్నట్టు. లేవని అనడం ఎంత తేలిక. లేవంటే పని లేదని, పని లేదంటే ఆ చెయ్యి లేదని, నలభై నిమిషాలు లేవని. ఒకసారి నూట తొంభై మందిని లేకుండా చేశాను నేను, సహకరించలేదు అన్న ఒక్క మాటతో. ఇంకోసారి చెయ్యను. "మర్యాద ఎవరికండీ దక్కేది?" అన్నాను. డీన్ కిటికీ వైపు తిరిగి, "మీతో కాపరం చేస్తున్నాయన ఎవరో గానీ మహానుభావుడు" అన్నాడు. మా వారు పశువుల డాక్టరు, ఇవాళ పొద్దున్నే నా బూట్లు తుడిచిపెట్టి, "రానా తోడు?" అన్నారు. వద్దన్నాను. ఆయన వస్తే అన్నగారి ముందు తలొంచుకుని నిలబడాలి, అది నేను చూడలేను. బావగారు మొన్న ఇంటికే వచ్చారు, ఒక్కరే, మిఠాయి పొట్లంతో. "చూడు కోడలా, ఊరికే రచ్చ ఎందుకు? నాకొక్కడికే చెప్పు. సంఘానికి నేను చూశానని చెప్తాను. ఇంట్లో మాట ఇంట్లోనే ఉంటుంది" అన్నారు. మా అత్తయ్య మూలన కూర్చుని పప్పులో రాళ్ళేరుతోంది. ఆవిడ చేతులు ఆగాయి. ఆ ఆగడం నాకు తప్ప ఎవరికీ కనపడలేదు. నా వృత్తే అది.

నవ్వొస్తోంది, ఈ నడవాలో, పింఛను ఆఫీసు గుర్తొచ్చి. మామగారు పోయిన కొత్తల్లో అత్తయ్యా నేనూ వెళ్ళాం. కిటికీ అవతల లిప్‌స్టిక్ వేసుకున్న అమ్మాయి, "పోయినాయన పేరు?" అంది. అత్తయ్య నా వైపు చూసింది. నేను అత్తయ్య వైపు చూశాను. ఆవిడకి మొగుడు, నాకు మామ, ఇద్దరికీ నోరు రాదు. "కాగితంలో ఉంది, చూసుకో తల్లీ" అంది అత్తయ్య. "నోటితో చెప్పాలి బామ్మా, రూలు." "రూలు నీకొక్కదానికే ఉందా? నాకూ ఉంది" అంది. వెనక వరుసలో అరుపులు, "ఏంటమ్మా మూగమేళం!" అని ఎవరో, చివరికి మా వెనకున్న తాగుబోతు ఒకతను మా భుజాల మీంచి వంగి కాగితంలో పేరు చదివి గట్టిగా అరిచి చెప్పాడు, హాలంతా మోగింది. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని అత్తయ్య నవ్వింది, స్కార్ఫు కొసతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది, "పాపం, యాభై ఏళ్ళలో ఆయన్ని పేరు పెట్టి పిలిచిన మొదటివాడు ఆ తాగుబోతే" అంది. ఆ రోజు నేను ఆవిడ పక్కన మెట్టు మీద కూర్చుని అనుకున్నాను, ఈవిడ నోట్లో ఇంకెన్ని ఉన్నాయో అని. అడగలేదు. పుట్టింటివాళ్ళనీ అత్తింటివాళ్ళనీ కౌన్సెలింగ్‌లో కూర్చోబెట్టుకోకూడదని నేనే పాఠం చెప్తాను.

ఐదేళ్ళ క్రితం చలికాలం, చుట్టాలొచ్చి వెళ్ళాక నేను గిన్నెలు కడుగుతుంటే ఆవిడ తుడిచి బల్ల మీద పెడుతోంది. పెడుతూ పెడుతూ, వరుస మారింది. నేను గమనించేసరికి బల్ల మీద ఒక పాత ఇల్లుంది, నేను కోడలిగా రాకముందు ఇల్లు, చలికాలపు మేతకి మొగుడు గొర్రెల వెంట కొండమీద ఉండగా పంతొమ్మిదేళ్ళ కోడలు కింద ఉండిపోయిన ఇల్లు. మొగుడి గిన్నె దూరంగా, పొయ్యి పక్కన. అత్తగారి గిన్నె బోర్లా, ఆవిడకి చెవుడు. పై చోటులో ఒక్క గిన్నె, మా పెద్దమామగారిది, అంటే బావగారి తండ్రిది, ఆయన పోయి అప్పటికే చాలా ఏళ్ళు. అత్తయ్య కూజా ఎత్తి ఆ గిన్నెలో నీళ్ళు పోసింది. సగానికి ఆగలేదు. అంచుదాకా పోసింది, అంచు మీద నీళ్ళు ఉబ్బి నిలబడేదాకా. కూజా దించి, "అరవై ఏళ్ళు పట్టింది నాకు, ఇంత పొయ్యడానికి" అంది. నేను తడి చేతులతో నిలబడ్డాను. ఏం జరిగిందో ఆవిడ చెప్పలేదు, నేనడగలేదు, ఆ నిండు గిన్నెని ఇద్దరం చాలాసేపు చూశాం. తర్వాత, "నువ్వు ఆ ఊళ్ళలో ఆడవాళ్ళ చేత ఇదే పెట్టిస్తున్నావుటగా. నన్ను కూడా వేసుకో అందులో" అంది. ఇంటి మనిషిని పరిశోధనలో చేర్చుకోకూడదు. చేర్చుకున్నాను. వ్యాసంలో ఆ సంగతి దాచలేదు, ఒకరు పరిశోధకురాలికి దగ్గరివారని రాశాను, ఆ వాక్యం ఈ ఏడుగురిలో ఒక్కరూ చదివినట్టు లేదు. నలభై ఒకటో నంబరు ఆవిడ. బావగారు గడ్డం నిమురుకుంటూ అడుగుతున్న పేర్లలో ఆఖరిది ఆయన పిన్నిది, ఆవిడ నిండా పోసింది ఆయన తండ్రికి.

ఏడు రొట్టెలు. ప్రతి రొట్టె నూనెలో వేసేటప్పుడు ఒక చచ్చినవాళ్ళని తలుచుకుంటుంది. ఆవిడ అమ్మా నాన్నా, అత్తా మామా, మొగుడు, పురిట్లో పోయిన కూతురు. ఆరుగురు. ఏడోది పెద్దమామగారికనే నేను పాతికేళ్ళకి పైగా అనుకున్నాను, బావగారు కూడా ఎప్పుడొచ్చినా "మా నాన్న రొట్టె వేశావా పిన్నీ?" అని అడిగి ఫోను తీసి ఫొటో తీసుకుంటారు. ఆ నిండు గిన్నె చూశాకే నేను కనిపెట్టాను, ఏడో రొట్టెని ఆవిడ పెరట్లోకి తీసుకెళ్ళి కుక్కకి వేస్తుంది. ప్రతి వారం, క్రమం తప్పకుండా. మా కుక్కలన్నీ ఈ రోజున గేటు దగ్గర కాచుకుని ఉండటం ఎందుకో అప్పుడు అర్థమైంది. ఇవాళ పొద్దున నేను బూట్లేసుకుంటుంటే, పొయ్యి దగ్గర్నుంచి, "నీ బావగారు ఫోన్ చేశాడు. పేర్లేవో నీ చేత ఇప్పించమని నాకు చెప్పాడు" అంది. నా వేళ్ళు లేసు మీద ఆగిపోయాయి. "మీరేమన్నారు అత్తయ్యా?" "చేతులకి పిండి ఉంది, తర్వాత మాట్లాడతానన్నాను." ఏడో రొట్టె తీసి నూనె కార్చి, తెల్లగుడ్డలో చుట్టి నా సంచీలో పెట్టింది. "ఇవాళ కుక్క పస్తు" అంది. నా కోటు గుండీ పెట్టింది, నా కోటు గుండీ పెట్టడం నా పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి, పిండి చేతుల్తో. ఇదిగో, ఈ రెండో గుండీ. ఇంకా తెల్లగా ఉంది. తుడవను.

తలుపు తెరుచుకుంది. "అక్కా, రండి" అంది అక్మారల్, నా చేతిలో కాగితం ఖాళీగా ఉండటం చూసి పెదవి కొరుక్కుంది.

లోపల పొడుగాటి బల్ల, ఏడుగురు, వేయించిన పిండి బిళ్ళల పళ్ళెం, ఆప్రికాట్ జామ్, ఈ చివర కరెంటు సమోవార్ పొగలు కక్కుతూ. సమోవార్ గుమ్మం వైపే ఉంది, ఎవరు పెట్టారో గానీ సరిగ్గా కోడలి చోటులో పెట్టారు. "రా కోడలా, రా" అన్నారు బావగారు, ఇంట్లో విందుకి పిలిచినట్టు. "ఫైళ్ళు చదివి చదివి గొంతులు ఎండిపోయాయి. నీ చేత్తో ఇంత టీ పొయ్యి ముందు. తర్వాత ఆ కాగితం ఇచ్చేసి ఇంటికెళ్ళు, పిన్ని ఇవాళ రొట్టెలు వేసుంటుంది." చరిత్ర ముసలాయన, "జాగ్రత్తండోయ్, ప్రొఫెసరమ్మ గిన్నె ముట్టుకుంటే మన కాపరాలన్నీ బయటపడతాయి" అన్నాడు. నవ్వారు. పొయ్యనంటే పొగరు, పోస్తే కోడలు. సంచీ భుజాన వేసుకునే సమోవార్ దగ్గరికి వెళ్ళాను. ఆరు గిన్నెలు సగం సగం పోశాను, వయసు వరుసలో, కుడిచేత్తో, ఎడమచెయ్యి మోచేతికి తాకించి, మా అమ్మ నేర్పినట్టు. ఏడోదానికి ముందు ఆ ఖాళీ కాగితాన్ని బావగారి ముందు పరిచాను. గిన్నె దాని మీద పెట్టాను. టీ కూజాతో పోశాను. సగం దాటింది. ఎవరో చెంచా పెట్టిన చప్పుడు. అంచు దాకా వచ్చింది. అంచు మీద టీ ఉబ్బి నిలబడింది, ఎర్రగా, ఒక్క చుక్క కూడా కింద పడకుండా. ముసలాయన నోట్లో పిండి బిళ్ళ అలాగే ఉండిపోయింది. ఆ గదిలో ఉన్న ప్రతి మనిషీ ఏదో ఒక ఇంట్లో అతిథిగా కూర్చున్నవాడే.

"ఇదేంటి కోడలా?" అన్నారు, మెల్లగా.

"బేషెన్‌బెక్ మురాతాలియేవిచ్ గారూ" అన్నాను.

ఎంత మామూలుగా వచ్చిందో. ముప్పై ఒక్క ఏళ్ళు గొంతులో అడ్డంగా ఉన్న మాట, ముందు మా భాషలో ఆ వారం పేరు, వెనక ఆయన తండ్రి పేరు, తీరా బయటికొస్తే ఏ ఆఫీసు తలుపు మీదైనా ఉండే పేరు. ఆయన మొహం మాత్రం ఎవరో చొక్కా పట్టుకున్నట్టు అయిపోయింది. "ఇక్కడ మీరు అధ్యక్షులు, నేను ప్రొఫెసర్‌ని. కోడలు ఇంటి దగ్గర ఉంది. నలభై ఒక్క పేర్లూ నాకు తెలుసు. పోలేదు, తడవలేదు, మర్చిపోలేదు. ఇవ్వను. పదవి మీరిచ్చింది, తీసుకోండి. గది కూడా మీరిచ్చిందే, తాళం వేసుకోండి. గిన్నెలు నావి, ఏ చెట్టు కింద పరుచుకున్నా సరిపోతాయి."

"ముందు ఆలోచించి మాట్లాడు. ఇంట్లో పెద్దావిడ వింటే ఏమంటుంది?"

"అడగండి. ఫోన్ చెయ్యండి, ఈ పాటికి చేతులు కడుక్కుని ఉంటుంది."

అక్మారల్ కలం పట్టుకుని నా వైపు చూసింది, ఈసారి సూటిగా. "ప్రొఫెసర్ గారూ, ఏమని రాయమంటారు?"

"అన్నది అన్నట్టు రాయమ్మా. తేదీ వెయ్యి. గురువారం అని కూడా రాయి."

బావగారి చెయ్యి కాగితం కోసం వచ్చి మధ్యలో ఆగింది. లాగితే ఒలుకుతుంది, ఎత్తితే ఒలుకుతుంది. అంత నిండుగా ఉన్న గిన్నెని ఒలక్కుండా తాగాలంటే ఒకటే దారి, మనిషే దాని దాకా తల వంచాలి. ఏడుగురూ ఆ గిన్నెనే చూస్తున్నారు. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. నాకు తొందరేం లేదు. సంచీలో రొట్టె ఉంది.